బ్రేక్ రూంలో రిమోట్

మా ప్లాంటు బ్రేక్ రూంలో టీవీ ఉంది గానీ రిమోట్ లేదు. ఇదివరకు ఉండేది. 2020 అమెరికా ఎన్నికల ముందు దాని కోసం ఇద్దరు చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళారు. ఒకాయనకి ట్రంప్ వైపు మాట్లాడే ఫాక్స్ న్యూస్ కావాలి, ఇంకొకాయనకి ట్రంప్‌ని విమర్శించే సీఎన్ఎన్. సూపర్‌వైజర్ వచ్చి వంటల ఛానల్ పెట్టి, రిమోట్ పట్టుకెళ్ళి తన డ్రాయర్లో పడేశాడు. అప్పట్నుంచి లంచ్ టైంలో ఎవరో కేకుకి క్రీమ్ పూస్తుంటే అందరం నోరు మూసుకుని చూస్తున్నాం.

ప్లాంటు ఉన్నది ఒహాయోలో, యంగ్స్‌టౌన్ దగ్గర. నేను హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వచ్చి స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను. ఓటు లేనివాణ్ణి కాబట్టి కాబోలు, రెండు వైపులవాళ్ళూ నా దగ్గర మనసు విప్పుతారు.

అందులో ఫాక్స్ పెద్దాయన మరీనూ. లార్డ్స్‌టౌన్‌లో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళ పైన పనిచేశాడు. ఒబామాకి రెండుసార్లు ఓటేశాడు, ఆ తర్వాత ట్రంప్‌కి. 2017లో ట్రంప్ యంగ్స్‌టౌన్ సభకొచ్చి ఉద్యోగాలన్నీ తిరిగొస్తాయి, ఇళ్ళు అమ్ముకోకండి అన్నాడు. 2019 మార్చిలో లార్డ్స్‌టౌన్‌లో కార్ల తయారీ ఆగిపోయింది. "మరి కోపం రాలేదా?" అని అడిగాను. వచ్చిందట, ట్రంప్ మీద మాత్రం కాదట. "మిగతావాళ్ళకి మా ఊరొకటి ఉందని కూడా గుర్తులేదు" అన్నాడు.

టీవీ చూసీ చూసీ ఇలా అయిపోయాడనే అనుకున్నాను చాలాకాలం. అందులో కొంత నిజం లేకపోలేదు. గొడవల విషయాల్లో రెండు వైపులా వినిపించాలని రేడియో, టీవీ స్టేషన్లకి 1949 నుంచి ఒక నియమం ఉండేది. 1987లో ఎత్తేశారు. 1996లో ఫాక్స్ న్యూస్, తర్వాత్తర్వాత దానికి ఎదురుపక్షమైన ఎంఎస్ఎన్‌బీసీ ఒకే ఏడాది మొదలయ్యాయి. రానురాను ఎవరికి నచ్చిన కోపం వాళ్ళకి ఇంటికే వచ్చేసింది.

ఒకరోజు ఆయన కారు బ్యాటరీ చచ్చిపోతే ఇంటి దగ్గర దింపాను. తలుపు తీసేసరికి ముందుగదిలో టీవీ మోగుతోంది. ఇంట్లో మనిషన్నవాడు లేడు. భార్య పోయాక అసలు కట్టెయ్యడం మానేశాడట. "ఎవరివో గొంతులు వినబడుతుంటాయి కదా" అన్నాడు. యూనియన్ హాలు, గురువారం బౌలింగ్ ఆట, చర్చిలో శుక్రవారం చేపల విందు... పాతరోజుల గురించి చెప్పినప్పుడు ఆయన చెప్పేవి ఇవే. జీతం ఊసు తక్కువ. ఒకసారి ట్రంప్ సభకి వెళ్తే ముందెప్పుడూ చూడనివాళ్ళు కుర్చీ ఇచ్చారట, శాండ్‌విచ్‌లో సగం పెట్టారట. ప్రసంగంలో ఏమన్నారో ఆయనకి సరిగ్గా గుర్తులేదు గానీ ఆ శాండ్‌విచ్ గుర్తుంది.

నాకు నవ్వు రాలేదు. 2024 జూన్ 4న మేం చేసిన నిర్వాకం అప్పటికి ఇంకా పచ్చిగానే ఉంది. మావి ఏడు తెలుగు కుటుంబాలు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి రెండు కార్లలో సర్దుకుని వెళ్ళేవాళ్ళం. ఆంధ్ర ఫలితాల్లో తెలుగుదేశానికి 135, వైసీపీకి 11 అని తేలేసరికి మా వాట్సాప్ గ్రూపు రెండయింది, ఇప్పుడు గుడికి నాలుగు కార్లు వెళ్తున్నాయి. ఓటెయ్యడానికి ఊరెళ్ళినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఎవరింట్లో ఏ న్యూస్ ఛానల్ మోగుతుందో చెబితే పార్టీ చెప్పేస్తాం, కాస్త అనుభవం ఉంటే కులం కూడా. నేనూ ఆ నెలంతా రాత్రిళ్ళు యూట్యూబ్‌లో 'మన' ఛానలే చూశాను. రెండోది పెడితే ఒళ్ళు మండేది.

2025 సెప్టెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం ట్రంప్ ప్రభుత్వం హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు అంది. అది కొత్త దరఖాస్తులకే అని మర్నాడు తేలేలోపు ఎంత టెన్షన్ పడ్డామో మాకే తెలుసు. సోమవారం లంచ్‌లో పెద్దాయన తన పెరట్లో కాసిన టమాటాలు సంచీలో పోసి తెచ్చి నా ముందు పెట్టాడు.

"అదంతా నీ గురించి కాదులే. నువ్వు మావాడివి."

"మరి ఎవరి గురించి?"

కాసేపు ఆలోచించాడు. "వాళ్ళే... చూపిస్తుంటారుగా" అంటూ టీవీ వైపు చెయ్యి చూపించాడు. అక్కడ ఒకావిడ కేకు మీద గులాబీ పువ్వు పెడుతోంది.