కొత్త శైవలమని తేల్చడానికి పడిన పాట్లు: నా అనుభవం

వానాకాలంలో పశ్చిమ కనుమల్లో తిరిగినవారికి చెట్ల బెరళ్ల మీద, రాతి గోడల మీద నారింజ రంగు మఖమలు పరిచినట్లుండే పొర పరిచయమే. ట్రెంటిపోలియా అనే ఈ ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) ఆకుపచ్చ శైవలాల్లోనిదే, అంటే నాచు వర్గానిదే అయినా, కణాల్లో కెరోటిన్ పేరుకోవడం వల్ల దాని పచ్చదనం పైకి కనబడదు. 2001లో కేరళలో ఎర్రటి వాన కురిసినప్పుడు, నీటిలో ఉన్నవి ఈ ప్రజాతి సిద్ధబీజాలేనని (స్పోర్లేనని) అక్కడి శాస్త్రవేత్తలు తేల్చారు. నేల మీద బతికే శైవలాలపై పరిశోధన చేస్తూ కర్ణాటకలోని ఆగుంబే పరిసరాల్లో నేను సేకరించిన ఒక నమూనా ఈ కుటుంబానిదే. దాన్ని కొత్త జాతిగా వర్ణిస్తూ పంపిన పత్రం ఇంకా సమీక్షలో ఉన్నందున, పెట్టదలచిన పేరు ఇక్కడ రాయడం లేదు.

అభయారణ్యంలో బ్లేడుతో గీకి తీసే చిటికెడు పాచికైనా అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే. మా దరఖాస్తు బల్లలు మారుతుండగానే ఒక వానాకాలం దాటిపోయింది. జాతిని గుర్తించడానికి ఆధారమైన సిద్ధబీజాశయాలు (సిద్ధబీజాలు తయారయ్యే తిత్తులు) ఎప్పుడు పడితే అప్పుడు దొరకవు కనుక ఆ జాప్యం బాగా బాధించింది.

చివరకు నమూనా చేతికొచ్చాక, సూక్ష్మదర్శిని కింద ఒక నీటిచుక్కలో పోగులను విడదీసి చూస్తే, వంపు తిరిగిన కాడ మీద గుండ్రని సిద్ధబీజాశయం స్పష్టంగా కనిపించింది. ఆ కాడ వంపు, దాన్ని మోసే కణం ఆకారం, పోగులోని కణాల పొడవు వెడల్పుల నిష్పత్తి ఏ పాత వర్ణనకూ పూర్తిగా సరిపోలేదు. అయితే తేడా కనిపించగానే కొత్త జాతి అయిపోదు, ఎందుకంటే ఈ శైవలాలు వెలుతురును బట్టి, పోషకాలను బట్టి రూపం మార్చుకుంటాయి. ప్రయోగశాలలో నత్రజని సమృద్ధిగా ఉన్న ద్రావణంలో పెంచినప్పుడు మా నారింజ పొర కొన్నాళ్లకు పచ్చగా మారిపోయింది. రంగును జాతి లక్షణంగా రాసిన పాత వర్ణనలను ఎంతవరకు నమ్మాలో అప్పుడే అర్థమైంది.

అసలు శ్రమ డీఎన్ఏ దగ్గర మొదలైంది. మందమైన కణకవచాన్ని ద్రవ నత్రజనిలో నూరి పగలగొట్టినా, మొదట వచ్చిన సీక్వెన్సులు (డీఎన్ఏ అక్షరాల వరుసలు) శైవలానివి కావు, దాన్ని అంటిపెట్టుకున్న బూజువి. ఒక్కొక్క పోగును వేరుచేసి శుభ్రమైన కల్చర్ (ప్రయోగశాలలో పెంచిన శైవలం) సాధించాకే ఆర్‌బీసీఎల్ అనే, జాతులను పోల్చడానికి వాడే జన్యువును సరిగ్గా చదవగలిగాం. పోల్చి చూద్దామంటే భారతీయ నమూనాల సీక్వెన్సులు చాలా తక్కువ. పైగా రూపాన్ని బట్టి గీసిన ప్రజాతుల సరిహద్దులు జన్యువుల పోలికతో గీసిన వంశవృక్షంలో నిలబడవని ఈ కుటుంబం విషయంలో ఇదివరకే తేలింది. అందుకే ఒక్క సీక్వెన్సు తేడాతో కొత్త జాతిని ప్రకటించడం తొందరపాటని నా అభిప్రాయం. దానితోపాటు రూపలక్షణాలు, పాత టైప్ నమూనాలతో (ఒక జాతి పేరుకు ఆధారంగా భద్రపరచిన నమూనాలతో) పోలిక కూడా ఉండి తీరాలి. ఆ నమూనాల్లో చాలావరకు యూరప్ హెర్బేరియంలలో (ఎండబెట్టిన మొక్కల భాండాగారాల్లో) ఉన్నందున, ఫొటోల కోసం ఉత్తరప్రత్యుత్తరాలతోనే నెలలు గడిచాయి. 1932లో నేల మీది శైవలం ఫ్రిష్చియెల్లాను కొత్త ప్రజాతిగా వర్ణించిన శైవల శాస్త్రవేత్త ఎం.ఓ.పి. అయ్యంగార్ గారికి ఈ జన్యు పరీక్షలేవీ లేవు. ఆయన పరిశీలనా శక్తిని తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

కొత్త జాతికి పేరు పెట్టడానికి అంతర్జాతీయ నియమావళి కచ్చితంగా ఉంది. 2012 నుంచి వర్ణన లాటిన్‌లోనే కాక ఇంగ్లీషులోనూ ఉండవచ్చు, కానీ శైవలానికి చిత్రం తప్పనిసరి. జీవక్రియ సాగుతున్న కల్చర్‌ను టైప్‌గా అంగీకరించరు కాబట్టి, పొరతో సహా ఎండబెట్టిన బెరడు ముక్కనే టైప్‌గా ఎంచుకున్నాం. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి గురించి ప్రభుత్వం నిర్దేశించిన సంస్థకు తెలియజేసి, నమూనాను అక్కడ జమచేయాలి; బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకు పంపవలసిన కవరు, సేకరణ వివరాల చీటీతో సహా సిద్ధమైంది. ఈలోగా సమీక్షకుల్లో ఒకరు మరో కొండ మీది నమూనాలోనూ అదే కాడ వంపు ఉందేమో చూపమన్నారు. అడగవలసిన ప్రశ్నే. అనుమతి పత్రం గడువు మాత్రం ముగిసింది, మళ్లీ దరఖాస్తు పెట్టాం.