వెస్ట్రన్ ఫిలాసఫీని ఒక్క మైనం ముద్దతో చదివాను: ఫిలాసఫీ ఆప్షనల్ అనుభవం

సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకీ, ఆల్రెడీ తీసుకుని పేపర్-1లో ప్లేటో నుంచి క్వైన్ వరకు ఉన్న ఆ పేర్ల వరస చూసి టెన్షన్ పడుతున్నవాళ్లకీ ఇది రాస్తున్నాను. నాది బీఎస్సీ. ఈ సబ్జెక్టు మొదలుపెట్టేనాటికి నాకు సోక్రటీస్ విషం తాగాడన్న సంగతి తప్ప ఇంకేమీ తెలియదు. మెయిన్స్ తెలుగు మీడియంలో రాశాను. కాబట్టి బొత్తిగా కొత్తవాళ్లు ఎక్కడ తడబడతారో నాకు తెలుసు.

ముందు పేపర్ సంగతి. పేపర్-1 మొత్తం 250 మార్కులు. సెక్షన్-ఎ వెస్ట్రన్, సెక్షన్-బి ఇండియన్. ఎనిమిది ప్రశ్నల్లో ఐదు రాయాలి, 1, 5 తప్పనిసరి. ఆ రెండింటిలో ఒక్కోదానికి ఐదేసి బిట్లు, బిట్‌కి పది మార్కులు, 150 పదాల్లో ముగించాలి. అంటే సెక్షన్-ఎలో ఏ టాపిక్‌నైనా పూర్తిగా వదిలేస్తే మొదటి ప్రశ్నలోనే దెబ్బ తగులుతుంది. అందుకే సెలెక్టివ్‌గా చదువుదాం అనే ఆలోచన ఈ సబ్జెక్టులో పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

మరి ఇంత సిలబస్ తలకెక్కేదెలా? చాలామంది చేసేది ఒక్కో ఫిలాసఫర్‌కి ఒక్కో పేజీ పెట్టుకుని ఎవరేం చెప్పారో బట్టీ పట్టడం. అలా చదివితే స్పినోజా చెప్పింది లైబ్నిజ్ ఖాతాలోకి, లాక్ చెప్పింది బర్క్‌లీ ఖాతాలోకి వెళ్లిపోతుంది, ఎందుకంటే వాళ్లు ఆ మాట ఎందుకు అనాల్సి వచ్చిందో మనం చదవలేదు. వెస్ట్రన్ ఫిలాసఫీ అంతా ఒకరు వదిలిన చిక్కుముడిని తర్వాతివాడు అందుకోవడమే. ఆ చిక్కు ఏమిటో పట్టుకుంటే పేర్లు వాటంతట అవే వరసలో నిలబడతాయి. నేను పట్టుకున్న చిక్కు ఇది: అన్నీ మారిపోతున్నా వస్తువు అదే అంటున్నాం కదా, ఆ 'అదే' ఏమిటి, అది మనకెలా తెలుస్తోంది? దీనికి నాకు దొరికిన దారం మైనం. ఇది నేను కల్పించింది కాదు, వాళ్ల రచనల్లోనే మళ్లీ మళ్లీ వస్తుంది.

నా సలహా, గ్రీకుల దగ్గర కాకుండా ఫ్రెంచ్ ఫిలాసఫర్ డెకార్ట్ దగ్గర మొదలుపెట్టండి. 1641లో వచ్చిన 'మెడిటేషన్స్'లో రెండో ధ్యానం చదవండి, కొద్ది పేజీలే. అనుమానించడానికి వీలున్న ప్రతిదాన్నీ పక్కన పెట్టి, అనుమానిస్తున్న నేను మాత్రం ఉన్నాను అని తేల్చుకున్నాక ఆయన ఒక మైనం ముక్క చేతిలోకి తీసుకుంటాడు. అప్పుడే తేనెపట్టు నుంచి తీసింది. ఇంకా కాస్త తేనె రుచి ఉంది, పూల వాసన పోలేదు, గట్టిగా చల్లగా ఉంది, వేలితో కొడితే చప్పుడవుతుంది. దాన్ని నిప్పు దగ్గరికి తెస్తాడు. రుచి పోయింది, వాసన పోయింది, రంగు మారింది, ఆకారం చెదిరింది, ముట్టుకుంటే కాలుతుంది, కొట్టినా చప్పుడు లేదు. కళ్లూ ముక్కూ నాలుకా చెవీ చెయ్యీ చెప్పినవన్నీ పోయాయి, అయినా ఇది ఆ మైనమే అని మనమంతా ఒప్పుకుంటాం. అంటే మైనాన్ని తెలుసుకున్నది ఇంద్రియాలు కావు. పోనీ ఊహా అంటే, అది ఎన్ని ఆకారాలు తీసుకోగలదో ఊహించి లెక్క తేల్చలేం కాబట్టి ఊహ కూడా కాదు, తెలుసుకున్నది బుద్ధి ఒక్కటే అంటాడు. హేతువాదం (రేషనలిజం, అంటే అసలు జ్ఞానం ఇంద్రియాల నుంచి కాక బుద్ధి నుంచి వస్తుందన్న వాదం) మొత్తం ఈ ఒక్క సీన్‌లో ఉంది. పరీక్షలో కార్టీసియన్ మెథడ్ (డెకార్ట్ పద్ధతి) మీద ఏ ప్రశ్న వచ్చినా ఈ ఉదాహరణ నాలుగు వాక్యాల్లో రాస్తే, మీరు మూలం దాకా వెళ్లారని దిద్దేవాళ్లకి అర్థమవుతుంది.

ఇక్కడి నుంచి చిక్కులు మొదలు. మనసు ఆలోచించే ద్రవ్యం (సబ్‌స్టెన్స్), శరీరం చోటు ఆక్రమించే ద్రవ్యం, రెండూ పూర్తిగా వేరు అన్నాడు కదా, మరి చోటే ఆక్రమించని మనసు శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? ఈ ప్రశ్నని 1643లో బొహీమియా యువరాణి ఎలిజబెత్ సూటిగా ఉత్తరం రాసి అడిగింది. డెకార్ట్ ఇచ్చిన జవాబులు ఆమెకి చాలలేదు. మైండ్-బాడీ మీద ఆన్సర్ రాసేటప్పుడు ఆమె పేరు తప్పకుండా రాయండి, ఆమెకి దక్కాల్సిన గౌరవం అది. స్పినోజా ఏం చేశాడంటే, ద్రవ్యం అంటే ఉండటానికి ఇంకోదాని మీద ఆధారపడనిది అని డెకార్టే చెప్పాడు కదా, ఆ నిర్వచనాన్ని నిక్కచ్చిగా పట్టుకుంటే ద్రవ్యం ఒక్కటే ఉండాలి, అదే దేవుడు, అదే ప్రకృతి, మనసూ విస్తృతీ (చోటు ఆక్రమించడం) దాని ధర్మాలు అన్నాడు. లైబ్నిజ్ ఇంకో దారి పట్టి, ద్రవ్యాలు లెక్కలేనన్ని, వాటికి కిటికీలు లేవు, ఒకదాన్ని ఒకటి తాకవు, దేవుడు ముందే కుదిర్చిన పొందిక వల్ల కలిసి నడుస్తున్నట్టు ఉంటాయి అన్నాడు. విడిగా చదివితే వింతగా అనిపించే ఈ రెండూ ఎలిజబెత్ ప్రశ్న పక్కన పెట్టుకుని చదివితే ఎంత సహజంగా వచ్చాయో తెలుస్తుంది.

అదే మైనాన్ని లాక్ చేతిలో పెట్టండి. సూర్యుడికి మైనాన్ని తెల్లబరిచే శక్తి ఉంది, నిప్పుకి సీసాన్ని కరిగించే శక్తి ఉంది అని ఆయనే రాశాడు. ఆకారం, సంఖ్య, కదలిక లాంటివి వస్తువులో నిజంగా ఉన్నవి. రంగు, రుచి, వాసన అనేవి మనలో ఆ అనుభూతుల్ని కలిగించే శక్తులు మాత్రమే. మరి ఈ గుణాలన్నిటినీ మోస్తున్నదేమిటి అంటే, ఏదో ఉంది, ఏమిటో తెలియదు అంటాడు. బర్క్‌లీ అక్కడే పట్టుకున్నాడు: తెలియనిదాన్ని ఎందుకు మోస్తున్నావు, పడెయ్, గ్రహించబడటమే ఉండటం. హ్యూమ్ ఇంకో మెట్టు దిగి, మైనమే కాదు, దాన్ని చూస్తున్న 'నేను' కూడా ఒక అనుభూతుల మూటే, లోపలికి ఎంత వెతికినా వేడో చలో ప్రేమో ద్వేషమో దొరుకుతాయి తప్ప వీటిని అనుభవించే ఆసామి దొరకడు అన్నాడు. నిప్పు మైనాన్ని కరిగించింది అంటాం, మనం చూసింది మాత్రం ముందు నిప్పు, తర్వాత కరగడం. ఈ రెంటినీ కట్టిపడేసే తప్పనిసరితనాన్ని ఎవరూ చూడలేదు, అది మన అలవాటు. ఈ వాక్యం మొదటిసారి అర్థమైనప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఈ సబ్జెక్టు మీద నాకు ప్రేమ పుట్టింది అక్కడే.

ఇక కాంట్. ఎక్కువమంది వదిలేసేది ఇతన్నే, ఎక్కువ మార్కులు తెచ్చేదీ ఇతనే. హ్యూమ్ తనని పిడివాద నిద్ర నుంచి లేపాడని 1783లో రాసుకున్నాడు. 1781 'క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్'లో హ్యూమ్‌కి జవాబిస్తూ మళ్లీ మైనాన్నే తెస్తాడు. ఎండ మైనాన్ని కరిగిస్తుంది, అదే ఎండ మట్టిని గట్టిపరుస్తుంది, దీన్ని అనుభవం లేకుండా బుద్ధితో ముందే చెప్పలేం, ఇంతవరకు హ్యూమ్ కరెక్టే. కానీ గట్టిగా ఉన్న మైనం కరిగింది అంటే దానికి ముందు ఏదో ఒక కారణం ఒక నియమం ప్రకారం ఉండి తీరాలి అన్నది మాత్రం అనుభవానికి ముందే తెలుసు. ఫలానా కారణం ఏదన్నది అనుభవం చెప్పాలి, కారణం అనేది ఉండాలన్నది మన బుద్ధే వెంట తెచ్చుకుంటుంది. ఈ తేడా గట్టిగా పట్టుకోండి. సింథటిక్ ఆ ప్రియోరి (కొత్త సంగతి చెప్తూనే అనుభవానికి ముందే తెలిసేది) అంటే ఏమిటో, పన్నెండు కేటగిరీలు (కారణం లాంటి, బుద్ధి వెంట తెచ్చుకునే మూల భావనలు) ఎందుకో, దేశకాలాలు వస్తువుల్లో కాక మన గ్రహణశక్తిలో ఉన్నాయని ఎందుకన్నాడో అన్నీ దీని వెనకే వస్తాయి. కేటగిరీల్ని అనుభవం దాటి ప్రపంచం మొత్తానికీ దేవుడికీ వర్తింపజేస్తే ఏమవుతుంది అంటే ఆంటినమీలు (ఒకదానికొకటి విరుద్ధమైనా రెండూ రుజువైనట్టే కనిపించే వాదనలు), దైవ నిరూపణల ఖండన. సిలబస్‌లో ఆరు ముక్కలుగా కనిపించేది నిజానికి ఒకే వాదన.

ఇప్పుడు వెనక్కి వెళ్లి గ్రీకుల్ని చదవండి, రుచి వేరుగా ఉంటుంది. ప్లేటో 'థియటీటస్'లో మన ఆత్మలో మైనపు దిమ్మ ఉందనుకోండి, చూసినవి దాని మీద ముద్రలు పడతాయి అని సోక్రటీస్ చేత అనిపిస్తాడు. కానీ ఏడూ ఐదూ పదకొండు అని ఒకడు తప్పు చెప్తే ఆ తప్పు ఏ ముద్రలో ఉంది అని తానే దాన్ని కొట్టేస్తాడు (కాంట్ ఉదాహరణ కూడా ఏడూ ఐదే, పన్నెండు అని!). అరిస్టాటిల్ దేహమూ ఆత్మా ఒకటేనా అని అడగటం, మైనమూ దాని మీది ముద్రా ఒకటేనా అని అడగటం లాంటిది, ఆ ప్రశ్నే అనవసరం అంటాడు. రూపం (ఫామ్), పదార్థం (మ్యాటర్) విడదీసి ఉండవు అన్న ఆయన వాదన ఇంతకంటే తేలిగ్గా ఇంకెక్కడా దొరకదు. ప్లేటో రూపాల్ని వేరే లోకంలో పెట్టాడు, అరిస్టాటిల్ వస్తువులోకి దించాడు. పొటెన్షియాలిటీ (కాగలగడం), యాక్చువాలిటీ (అయి ఉండటం) చదివేటప్పుడు సాంఖ్యుల సత్కార్యవాదం (కార్యం ముందే కారణంలో ఉందన్న వాదం) పక్కన పెట్టుకోండి, రెండు సెక్షన్లకీ పనికొస్తుంది.

ఇలా పక్కపక్కన పెట్టడం నాకు చాలా మేలు చేసింది. హ్యూమ్‌ని చార్వాకులతో, బౌద్ధుల నైరాత్మ్యవాదంతో కలిపి చదివాను. పోలికతో ఆగిపోకండి, తేడా కూడా రాయండి. వ్యాప్తి (పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది లాంటి తప్పని సంబంధం) రుజువు కాదు కాబట్టి చార్వాకులు అనుమానాన్ని (ఇక్కడ సందేహం కాదు, ఇన్ఫరెన్స్) ప్రమాణంగానే ఒప్పుకోరు. హ్యూమ్ దానికి తర్కంలో ఆధారం లేదంటూనే జీవితాన్ని నడిపేది ఆ అలవాటే అంటాడు. బుద్ధుడికి ఆత్మ లేదని చెప్పడం దుఃఖం నుంచి బయటపడే దారిలో భాగం, హ్యూమ్‌కి అలాంటి లక్ష్యం లేదు.

ఇరవయ్యో శతాబ్దం భాగం గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే కాంట్ వరకు గట్టిగా ఉంటే ఇది తొందరగానే అవుతుంది. ప్రశ్న వస్తువు నుంచి భాషకి మారుతుంది, అంతే. పిక్చర్ థియరీ (వాక్యం ప్రపంచానికి బొమ్మ లాంటిదన్న విట్గెన్‌స్టైన్ సిద్ధాంతం) అర్థం కాకపోతే విట్గెన్‌స్టైన్ 1914 నోట్‌బుక్‌లో రాసుకున్న సంగతి చూడండి. పారిస్ కోర్టులో ఒక మోటారు ప్రమాదాన్ని బొమ్మలతో చూపించారట, వాక్యం కూడా అలాగే ఒక పరిస్థితిని పేర్చి చూపిస్తుందని ఆయనకి తోచింది. లాజికల్ పాజిటివిజంలో, వెరిఫికేషన్ సూత్రాన్నే (అనుభవంతో సరిచూడగలిగితేనే వాక్యానికి అర్థం ఉంటుందన్న సూత్రం) వెరిఫై చేయడం ఎలా అన్న అభ్యంతరం తప్పక రాయండి. స్పృహని విశ్లేషించిన హస్సర్ల్‌కి మాత్రం టైమ్ ఇవ్వాలి, ఒక్క చదువుకి లొంగడు.

తెలుగు మీడియం వాళ్లకి రెండు మాటలు. ప్రశ్నపత్రం ఇంగ్లీష్, హిందీల్లోనే వస్తుంది, కాబట్టి ఇంగ్లీష్ పారిభాషిక పదాలు కనబడగానే గుర్తుపట్టేలా ఉండాలి. జవాబులో తెలుగు పదం పక్కన బ్రాకెట్‌లో ఇంగ్లీష్ పదం రాసుకునే వీలుంది, అది టెక్నికల్ పదాలకే, వాక్యాలకి వాక్యాలు ఇంగ్లీష్‌లో రాయకూడదు. సబ్‌స్టెన్స్‌కి ఒకచోట ద్రవ్యం, ఇంకోచోట పదార్థం అని రాస్తే అరిస్టాటిల్ జవాబులో మ్యాటర్‌తో కలిసిపోయి గందరగోళం అవుతుంది. అందుకే మొదట్లోనే ఒక కాగితం మీద పదాల పట్టిక రాసుకుని, చివరిదాకా అవే వాడాను. 150 పదాల బిట్లకి పుట్టుపూర్వోత్తరాలు అక్కర్లేదు. మొదటి వాక్యంలో చిక్కు ఏమిటో, తర్వాత ఆ ఫిలాసఫర్ వాదన, ఒక మూల ఉదాహరణ, చివర తర్వాతివాడి అభ్యంతరం, ఇంతే రాయండి. పాత ప్రశ్నపత్రాలు తీసుకుని టాపిక్ పూర్తయిన రోజే ఆ టాపిక్ బిట్లు గడియారం పెట్టుకుని రాయండి, సిలబస్ అయ్యాక చూద్దాం అని వాయిదా వేయొద్దు.