అగోన్, మాఖే, కొన్ని దొంగ చుట్టాలు

ఆదివారం మధ్యాహ్నం.

ఉదయమంతా పోటీ పరీక్షల ఇంగ్లీషు నోట్సు సర్దడంతోనే సరిపోయింది. 'పోరాట పదాలు' అని ఇరవై మాటలు వరసగా ఇచ్చారు. అలా బట్టీ పడితే వారం తిరక్కుండా మర్చిపోతారు. నాలుగు గ్రీకు ధాతువులు చేతికొస్తే చాలు.

అసలు సరుకంతా 'అగోన్'లో ఉంది. అంటే యుద్ధం కాదు, పోటీ. ఒలింపియాలో పరుగు పందెమూ అగోనే, ఏథెన్స్ నాటక పోటీ కూడా. ఆ పెనుగులాట బాధే 'అగొనీ'. 'ఆంటాగనిస్ట్'లో ముందున్నది 'ఆంటి', ఎదురు అని. వెనక అచ్చు రాగానే చివరి ఇకారం ఎగిరిపోయింది, మన ఇత్వసంధిలో లాగే. 'ప్రొటాగనిస్ట్' దగ్గర మాత్రం చాలామంది జారతారు. అందులో అనుకూలార్థపు 'ప్రో' లేదు, 'ప్రోటోస్' ఉంది: మొదటి నటుడు. మందుల్లోనూ అగోనిస్ట్, ఆంటాగనిస్ట్ అనే జంట కనిపిస్తుంది. ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్ బీటా-2 అగోనిస్ట్, గ్రాహకాన్ని, అంటే కణం మీద మందు అతుక్కునే చోటుని, పని చేయిస్తుంది. బీపీకిచ్చే అటెనొలాల్ ఆంటాగనిస్ట్, బీటా గ్రాహకాన్ని అడ్డుకుంటుంది.

'మాఖే' అంటే నేరుగా కొట్లాటే. ఎవరితో, దేనితో అన్నది ముందు తగిలిస్తే సరి. 'లోగోస్' చేరిస్తే లోగోమకీ, మాటల మీద మాటల తగువు. రాత్రి తొమ్మిది గంటల టీవీ చర్చలకు ఇంతకన్నా మంచి పేరు దొరకదు. 'అలెక్ట్రియోమకీ' అంటే భీమవరం వైపు సంక్రాంతికి జరిగే కోడిపందెమే.

'పోలెమోస్' యుద్ధం, దాన్నుంచి పోలెమిక్, దాడికి దిగే వాదన. 'ఎరిస్' కలహ దేవత; నిజం సంగతి వదిలేసి గెలుపు కోసమే వాదిస్తే 'ఎరిస్టిక్'. 2005లో బయటపడి ప్లూటో గ్రహహోదాకే ఎసరు పెట్టిన మరుగుజ్జు గ్రహానికి 2006లో ఆ పేరే పెట్టారు. భలే కుదిరింది.

ఇక దొంగ చుట్టాలు, అంటే చుట్టాల్లా కనిపించినా వేరే ధాతువుల్లోంచి వచ్చిన మాటలు. 'మెషీన్'లో మాఖే లేదు, అది 'మేఖనే', ఉపాయం, యంత్రం. శత్రువు వెన్నుతిప్పిన చోట కొయ్యకు ఆయుధాలు తగిలించి నిలిపిన గుర్తే 'ట్రోఫీ', 'ట్రోపే' అంటే మళ్లడం. నోట్సులో దాని పక్కనే 'అట్రోఫీ' రాసేశారు. అది 'ట్రోఫే', పోషణ. పోషణ లేక కండ కరిగిపోవడం. కొట్టేశాను. అన్నట్టు, అమెరికా రక్షణ శాఖ కొలువున్న పెంటగాన్‌లోని 'గాన్' కూడా అగోన్ కాదు, 'గోనియా', వట్టి కోణం.