డిగ్రీకి ఒక ఏడాది విరామం

విశాఖలో బీఎస్సీ రెండో సంవత్సరం పూర్తయ్యాక, నాన్నగారి అనారోగ్యం దృష్ట్యా మూడో ఏడాదిని వాయిదా వేసుకుని గాజువాకలో ఉద్యోగంలో చేరాలని ఈ వేసవిలో నిర్ణయించుకున్నాను. "ఆడపిల్ల చదువు ఒకసారి ఆగితే మళ్లీ సాగదమ్మా" అని మా పెద్దమ్మ కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆవిడ భయం నిరాధారం కాదు. ఆవిడ రోజుల్లో మధ్యలో ఆగిన డిగ్రీకి లెక్కే ఉండేది కాదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. డిగ్రీలో ఏడాది తర్వాత సర్టిఫికెట్‌తో, రెండేళ్ల తర్వాత డిప్లొమాతో బయటికి వచ్చి తిరిగి చేరే వీలును 2020 జాతీయ విద్యా విధానం ప్రతిపాదించింది; 2021 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం, చదివి పూర్తిచేసిన కోర్సులకు వచ్చే పాయింట్లయిన క్రెడిట్లు, వాటిని దాచే డిజిటల్ ఖాతా అయిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమైతే గరిష్ఠంగా 7 ఏళ్లు చెల్లుతాయి.

నన్ను నిజంగా బాధపెట్టిన విషయం వేరు. చదవబోని ఏడాదికి కూడా ఫీజు కడితే తప్ప నా ఇంటర్ ఒరిజినల్స్ ఇవ్వబోమని కళాశాల కార్యాలయంలో చెప్పారు. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లను సంస్థలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే ఆదేశించింది కదా! ఆ ఉత్తర్వు ప్రతిని జతచేసి దరఖాస్తు ఇచ్చిన తర్వాతే అవి నా చేతికి వచ్చాయి. ఇదే ఇబ్బందిలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, దయచేసి నోటిమాటగా అడిగి ఊరుకోకండి. రాసి ఇచ్చి, అందినట్టు ముద్రతో సంతకం తీసుకోండి.

నేను వచ్చే విద్యా సంవత్సరంలో మూడో ఏడాదిలో చేరతాను. అప్పటివరకు కుదిరిన సాయంత్రాలు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో రసాయనశాస్త్రం చదువుకుంటాను.