చెవిలో చెప్పిన సినిమా

మాంట్రియల్‌లో సినిమాకి వెళ్లేటప్పుడు టైమ్ కంటే ముందు చూసుకోవాల్సింది సినిమా పేరు పక్కనుండే పొట్టి అక్షరాలు. వీఎఫ్ అంటే ఫ్రెంచిలోకి డబ్బింగ్ చేసింది. ఎస్‌టీఏ అని ఉంటే కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వస్తాయి. వట్టి వీఓఎఫ్ అని ఉంటే మాటలన్నీ ఫ్రెంచే, కింద ఒక్క అక్షరం కూడా ఉండదు. ఆ ఆదివారం నేను ఆ అక్షరాలు చూసుకోలేదు.

ఆ సినిమా సంగతి చెప్పింది మా పై అంతస్తులో ఉండే పెద్దావిడ. ఆవిడ మొరాకో నుంచి వచ్చిన యూదు. చిన్నప్పుడు కాసాబ్లాంకాలో ఫ్రెంచి బడిలోనే చదువుకున్నారట. 1860లో పారిస్‌లో పుట్టిన ఒక యూదుల సంస్థ మొరాకోలో ఊరూరా అలాంటి బళ్లు పెట్టింది. తీరా ఫ్రెంచి మాట్లాడే ఈ ఊరికి వస్తే, అప్పట్లో ఇక్కడి ఫ్రెంచి బళ్లు క్యాథలిక్కులవి. యూదుల పిల్లల్ని చదువు విషయంలో ప్రొటెస్టెంట్ల కింద లెక్కగట్టే పద్ధతి 1903 నాటి చట్టంతో మొదలై అప్పటికీ నడుస్తోంది. ప్రొటెస్టెంట్ల బళ్లు ఇంగ్లీషువి. అలా ఇంట్లో ఫ్రెంచి మాట్లాడే తమ్ముళ్లని ఇంగ్లీషు బడిలో వేయాల్సి వచ్చిందని ఆవిడ ఇప్పటికీ బాధపడతారు.

మాది సరిగ్గా తిరగేసిన కథ. హైదరాబాద్ నుంచి వచ్చేసరికి మా హర్షకి ఐదేళ్లు. తెలుగు గలగలా మాట్లాడేవాడు, ఇంగ్లీషు కొంచెం వచ్చు. వలస వచ్చినవాళ్ల పిల్లలు ఫ్రెంచి బడిలోనే చదవాలన్నది 1977 నాటి చట్టం. మొదట భాష నేర్పడానికి విడిగా ఒక క్లాసులో కూర్చోబెట్టారు. ఆర్నెల్లలో ఫ్రెంచి వచ్చేసింది. ఆ తర్వాత తెలుగు మెల్లగా లోపలికి వెళ్లిపోయింది. అన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం ఫ్రెంచిలోనో ఇంగ్లీషులోనో. నేను సాయంత్రం క్లాసులకి వెళ్లి నేర్చుకున్న ఫ్రెంచి కూరగాయల కొట్టు వరకూ సరిపోతుంది. సినిమాకి సరిపోదు.

పాత ఫ్రెంచి సినిమాలు మళ్లీ వేసే చిన్న హాలు అది. సినిమా లూయీ మాల్ 1987లో తీసిన 'ఓ రెవ్వార్ లేజాన్‌ఫాన్'. ఐదు నిమిషాలు గడిచినా కింద అక్షరాలు రాలేదు. నేను అటూ ఇటూ కదలడం చూసి హర్ష నా వైపు ఒరిగాడు. మేం కూర్చున్నది ఆఖరి వరస, చుట్టుపక్కల ఎవరూ లేరు.

"అమ్మా, నేను చెప్తా."

చెప్పడం మొదలుపెట్టాడు. తెలుగులో. ఇంట్లో రెండు ముక్కలు తెలుగులో అనమంటే బతిమాలించుకునే పిల్లాడు, నా చెవి దగ్గర నోరు పెట్టి గంటన్నర పైన చెప్పాడు. 1944 చలికాలం. ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఉంది. పాదరీలు నడిపే హాస్టలు బడి. "ఆ అబ్బాయి కొత్తగా వచ్చాడు. అందరూ ఏడిపిస్తున్నారు." కాసేపటికి, "వాళ్లమ్మ ఎక్కడుందో వాడికి తెలీదంట." ఆ 'అంట' విని నా ఒళ్లు ఝల్లుమంది. అది నేను కూర్చోబెట్టి నేర్పింది కాదు. మా అమ్మతో నేను ఫోన్లో మాట్లాడే మాటల్లోంచి ఏరుకుని ఉంటాడు. వాడు ఫ్రెంచి వాక్యాలు వింటూ, ఫ్రెంచిలో లేని ఆ చిన్న తోకని సరిగ్గా ఉండాల్సిన చోట తగిలిస్తున్నాడు.

నాకు మా నాన్న గుర్తొచ్చారు. దూరదర్శన్‌లో హిందీ రామాయణం వచ్చే ఆదివారాలు మా వాకిలి నిండా జనం. హిందీ వచ్చినవాడు మా నాన్న ఒక్కరే. టీవీ పక్కన పీట వేసుకుని కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పేవారు. అదీ 1987లోనే మొదలైంది.

"బోనే అన్నది వాడి అసలు పేరు కాదంట" అన్నాడు హర్ష. ఆ కొత్త పిల్లాడు యూదు, అసలు పేరు కిప్పెల్‌స్టైన్. పాదరీ వాడికి వేరే పేరు పెట్టి జర్మన్ల నుంచి దాచాడు. ఫ్రెంచివాళ్లు 'హ' పలకరు కాబట్టి బడిలో మావాడు హర్ష కాదు, 'ఆర్షా'. వాడే దిద్దడం మానేశాడు. ప్రాణం కోసం మార్చిన పేరూ ఇదీ ఒకటి కాదని నాకు తెలుసు. అయినా ఆ మాట వాడి నోట విన్నాక కాసేపు తెర మీద ఏం జరిగిందో నేను చూడలేదు.

తర్వాత ఆ క్లాసు సీను. గెస్టపో, అంటే నాజీల రహస్య పోలీసు, మనిషి లోపలికొచ్చి, కిప్పెల్‌స్టైన్ ఎవరని అడుగుతాడు. ఎవరూ పలకరు. అతను వెనక్కి తిరగ్గానే, స్నేహితుడు జూలియాఁ ఒక్క క్షణం బోనే వైపు చూస్తాడు. ఆ చూపు గెస్టపో మనిషి కంట్లో పడుతుంది. అంతే.

హర్ష చెప్పడం ఆపేశాడు. నేనూ అడగలేదు. చివర్లో పాదరీని, ముగ్గురు పిల్లల్ని తీసుకెళ్తుంటే వరసలో నిలబడ్డ పిల్లలందరూ వీడ్కోలు చెప్తారు. ఆయన వెనక్కి తిరిగి ఒక మాటంటాడు. సినిమా పేరు అదే.

"వెళ్లొస్తాను పిల్లలూ, అన్నాడమ్మా."

గుమ్మం దాటేటప్పుడు 'వెళ్తాను' అనకూడదు, 'వెళ్లొస్తాను' అనాలని వాడికి రోజూ చెప్తాను. వాడు అదే మాట వాడాడు.

ఇదంతా దర్శకుడు పదకొండేళ్ల వయసులో కళ్లారా చూసిందే. 1944 జనవరి 15న ఫాంటెన్‌బ్లో పక్కనున్న ఆవోన్‌లో వాళ్ల బడి మీద పడి ముగ్గురు యూదు పిల్లల్ని పట్టుకుపోయారు. ముగ్గురూ ఆష్విట్జ్ అనే నాజీ మృత్యు శిబిరంలో చనిపోయారు. వాళ్లని దాచిన పాదరీ, ఫాదర్ జాక్, తనని పెట్టిన నాజీ శిబిరం నుంచి విడుదలైన కొద్దివారాలకే 1945 జూన్‌లో పోయాడు. దాన్ని సినిమాగా తీయడానికి మాల్‌కి నలభై ఏళ్లు పైనే పట్టింది.

బస్సులో హర్ష ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు.

"ట్రయిజోన్‌ని తెలుగులో ఏమంటారు?"

"ద్రోహం."

తల అడ్డంగా ఊపాడు. "జూలియాఁ ద్రోహం చేయలేదు. ఊరికే చూశాడు."

నిజమే, ద్రోహం అంటే కావాలని చేసేది. మోసం కాదు. తప్పు అనడానికీ నోరు రాలేదు. రెండు స్టాపులు దాటాక మాట దొరికింది.

"పట్టించేశాడు. కావాలని పట్టించొచ్చు, తెలియకా పట్టించొచ్చు. దొంగ నక్కి కూర్చుంటే దగ్గు కూడా పట్టించేస్తుంది."

వాడు ఆ మాటని రెండుసార్లు లోపల్లోపల అనుకున్నాడు. "అయితే వాడు కాదు, వాడి చూపు పట్టించేసింది" అన్నాడు. మళ్లీ కాసేపటికి, "బోనే వాడికి చెప్పాడమ్మా, ఎలాగైనా నన్ను పట్టుకునేవాళ్లేలే అని. నీకు చెప్పడం మర్చిపోయా."

మర్చిపోలేదు. అప్పుడు వాడికి గొంతు రాలేదు.

రాత్రి వాళ్ల అమ్మమ్మకి ఫోన్ చేసి కథంతా చెప్పాడు. మధ్యలో ఆగినప్పుడు నేను అందించబోతే చెయ్యి అడ్డం పెట్టి తనే మాట వెతుక్కున్నాడు. 'పట్టించేసింది' అన్నచోట అవతల మా అమ్మ "అయ్యో నాన్నా" అనడం నాకు వినిపించింది.

యూదుల చలనచిత్రోత్సవం కార్యక్రమాల కాగితం పై అంతస్తు ఆవిడ నిన్న ఇచ్చారు. మొరాకో నుంచి వచ్చిన కుటుంబాల మీద ఒక డాక్యుమెంటరీ ఉంది. సగం అరబిక్, సగం ఫ్రెంచి, కింద ఫ్రెంచి అక్షరాలు. ఈసారి చూసుకునే మూడు టికెట్లు కొన్నాను, ఆవిడకీ కలిపి. ఆఖరి వరసలోనే.