తిరుమల పిన్‌కోడ్‌లో 8086

అలిపిరి దగ్గర బస్సు కోసం నిలబడి, చేతిలో ఉన్న కవర్ మీద తిరుమల పిన్ 517504 చూసి ఊరికే రెండుతో భాగించడం మొదలుపెట్టా, ఏడుసార్లు శేషం లేకుండా పోయి చివరికి 4043 మిగిలింది, అదేమో 13 ఇంటూ 311, రెండూ ప్రధాన సంఖ్యలే. మొత్తం 32 కారణాంకాలు. అసలు మజా ఏంటంటే అదే సంఖ్య 64 ఇంటూ 8086! ఇంజినీరింగ్‌లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్ అంటేనే టెన్షన్ పుట్టించిన ఇంటెల్ చిప్పు, 1978 నాటిది, కొండెక్కి కూర్చుంది చూడండి (కాకతాళీయమేలెండి, మహిమ అని ఫార్వర్డ్ చేయకండి). కింద తిరుపతి 517501 అంత సులువుగా లొంగదు, 2, 3, 5, 7, 11, 13 దేనికీ తెగదు. ఒకటి తీసేస్తే మాత్రం 517500, అంటే 150 వర్గం ఇంటూ 23, ఏకంగా 90 కారణాంకాలు. చిత్తూరోళ్లు మీ 517001 సంగతి మీరే చూసుకోండి, నాకు బస్సొచ్చేసింది.