మే 1: మూడో బేస్, ఏడో నో-హిట్టర్, 26 ఇన్నింగ్స్

మే 1. మేడే సెలవు, వీధిలో సందడి లేదు. బేస్‌బాల్ చరిత్రలో మాత్రం ఇది చాలా సందడి ఉన్న తేదీ. అందులోనూ 1991వ సంవత్సరాన్ని తలుచుకోకుండా ఈ రోజు గడవదు.

ఆ మధ్యాహ్నం ఓక్లండ్‌లో ఆ ఊరి జట్టు ఆటగాడు రికీ హెండర్సన్ న్యూయార్క్ యాంకీస్ మీద మూడో బేస్ దొంగిలించాడు, అంటే బ్యాటర్ బంతి కొట్టకుండానే రెండో బేస్ నుంచి పరుగెత్తి మూడోదాన్ని చేరుకున్నాడు. అది అతని 939వ స్టీల్ (దొంగిలించిన బేస్). లూ బ్రాక్ 938 రికార్డు దాటిపోయింది. బ్రాక్ అక్కడే ఉన్నాడు. హెండర్సన్ బేస్‌ని నేలలోంచి ఊడబీకి తల మీదకి ఎత్తి పట్టుకున్నాడు. మైకులో దేవుడికి, తల్లికి, అభిమానులకి, చనిపోయిన మేనేజర్ బిల్లీ మార్టిన్‌కి కృతజ్ఞతలు చెప్పి, చివర్లో ఇవాళ్టితో అందరికన్నా గొప్పవాడిని నేనే అన్నాడు. ఆ చివరి మాటే పట్టుకుని పొగరుబోతు అన్నవాళ్ళు ఎందరో. నాకైతే అందులో అబద్ధం కనిపించదు.

నాకు ముఖ్యం అనిపించేది అది రెండో బేస్ కాదు, మూడోది అన్న సంగతి. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. మొదటి బేస్ నుంచి రెండోదానికి పరిగెడితే, హోమ్ (బ్యాటర్ నిలబడే చోటు, పరుగు పూర్తయ్యేదీ అక్కడే) వెనక ఉండే క్యాచర్ విసరాల్సిన దూరం 127 అడుగుల పైచిలుకు. పిచ్చర్ (బ్యాటర్‌కి బంతి వేసేవాడు) చేతి కదలిక మొదలయ్యాక బంతి క్యాచర్‌కి చేరడానికి దాదాపు 1.3 సెకన్లు, అక్కడి నుంచి రెండో బేస్‌కి ఇంకో 2 సెకన్లు. రన్నర్‌కి దక్కేది ఆ 3.3 సెకన్లే. మూడో బేస్‌కైతే క్యాచర్ త్రో 90 అడుగులే, కాబట్టి ఆ గడువు ఇంకా తగ్గుతుంది. మరి ఎలా దొంగిలిస్తారు? రెండో బేస్ దగ్గర ఫీల్డర్లెవరూ రన్నర్ పక్కన అతుక్కుని నిలబడరు. అందుకని అతను 12, 15 అడుగులు ముందుకు జరగగలడు, పిచ్చర్ కదిలేసరికే ఊపందుకోగలడు. కుడిచేతి బ్యాటర్ ఉంటే క్యాచర్‌కి మూడో బేస్ వైపు దారి అడ్డం వస్తుంది కూడా. తేడా కొట్టేది ఎక్కడంటే, రన్నర్ అర క్షణం ముందే బరువు మూడో బేస్ వైపు వేసేసినప్పుడు. పిచ్చర్ గిర్రున తిరిగి రెండో బేస్‌కి వేశాడంటే వెనక్కి రాలేడు. ఆ అర క్షణాన్ని పిచ్చర్ భుజంలో, మడమలో చదవడమే హెండర్సన్ విద్య. ఇక స్లైడ్: తల ముందు పెట్టి, నేలకి బాగా దగ్గరగా, విమానం కుదుపు లేకుండా దిగినట్టు. ఎత్తు నుంచి పడితే వేగం నేలలోకి పోతుంది, చేతులూ దెబ్బతింటాయి.

2023 నుంచి బేస్‌లు 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకి పెరిగాయి. ఒక్కో బ్యాటర్‌కి పిచ్చర్ రెండుసార్లే స్వేచ్ఛగా బేస్ వైపు తిరగొచ్చు. మూడోసారి తిరిగి అవుట్ చేయలేకపోతే రన్నర్‌కి బేస్ ఊరికే వచ్చేస్తుంది. ఈ సౌకర్యాలేవీ లేకుండానే హెండర్సన్ 1406కి చేరాడు, దొరికిపోయింది 335 సార్లు. వందకి దాదాపు 81 సార్లు గెలిచినట్టు.

అదే రోజు రాత్రి టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో (మనకి అప్పటికే మే 2 తెల్లవారింది) 44 ఏళ్ళ నోలన్ రయన్ తన ఏడో నో-హిట్టర్ వేశాడు. ప్రత్యర్థికి ఒక్క హిట్ (బ్యాటర్ బంతి కొట్టి బేస్ చేరడం) కూడా ఇవ్వకుండా 27 అవుట్లు తీయడమన్నమాట. నడుము, మడమ, వేలు అన్నీ నొప్పులేనని ఆటకి ముందు కోచ్ టామ్ హౌస్‌తో చెప్పుకున్న మనిషి టొరాంటో మీద 16 స్ట్రయికౌట్లు (మూడు స్ట్రయిక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) తీశాడు, వాక్‌లు (గురి తప్పిన నాలుగు బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే మొదటి బేస్) రెండే ఇచ్చాడు. ఆరో ఇన్నింగ్స్‌లో మానీ లీ కొట్టిన చిన్న బంతి మధ్య ఫీల్డ్‌లో పడిపోయేదే, గ్యారీ పెటిస్ ముందుకి పరిగెత్తి అందుకున్నాడు. చివరి అవుట్ రొబెర్టో అలొమార్, స్ట్రయికౌట్. అలొమార్ తండ్రి ఒకప్పుడు ఏంజల్స్ జట్టులో రయన్ సహచరుడు. రయన్ తర్వాత నో-హిట్టర్లలో రెండో స్థానం శాండీ కోఫాక్స్‌ది, నాలుగు. ఇంకో ముడి: 1989 ఆగస్టులో రయన్ 5000వ స్ట్రయికౌట్‌కి బలైన బ్యాటర్ ఈ హెండర్సనే.

1969లో ఇదే తేదీన సిన్సినాటీలో డాన్ విల్సన్ కూడా నో-హిట్టర్ వేశాడు. అంతకు ముందు రోజే అదే మైదానంలో విల్సన్ జట్టుకి జిమ్ మలోనీ నో-హిట్టర్ రుచి చూపించాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, 1920 ఒక ఎత్తు. ఆ మే 1న బోస్టన్ బ్రేవ్స్, బ్రూక్లిన్ జట్లు మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో ముగిసే ఆటని 26 ఇన్నింగ్స్ ఆడి 1-1తో ఆపేశాయి. కారణం చీకటి. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో దీపాల వెలుతురులో ఆట 1935లో కానీ మొదలవలేదు. బ్రూక్లిన్ ఐదో ఇన్నింగ్స్‌లో, బోస్టన్ ఆరోదాంట్లో చెరొక పరుగు తీశాయి, ఆ తర్వాత 20 ఇన్నింగ్స్ సున్నా. బోస్టన్‌కి జో ఓష్గర్, బ్రూక్లిన్‌కి లియాన్ కడోర్: మొదటి బంతి నుంచి చివరిదాకా ఇద్దరే వేశారు. పదిహేడో ఇన్నింగ్స్‌లో బ్రూక్లిన్‌కి మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి, ఒకరే అవుట్. బంతి ఓష్గర్ చేతికే వచ్చింది, హోమ్‌కి వేశాడు, ఒక అవుట్. క్యాచర్ గౌడీ మొదటి బేస్‌కి విసిరితే హోల్క్ తడబడ్డాడు. ఆ సందులో కొనెచీ రెండో బేస్ నుంచి ఏకంగా హోమ్‌కే దూసుకొచ్చాడు. హోల్క్ తిరిగి విసిరాడు, గౌడీ అడ్డంగా పడి బంతిని అతనికి తాకించాడు. ఒకే బంతికి రెండు అవుట్లు, డబుల్ ప్లే.

ఇదంతా 3 గంటల 50 నిమిషాల్లో అయిపోయింది. ఇప్పుడు పదో ఇన్నింగ్స్ నుంచి రెండో బేస్ మీద ఒక రన్నర్‌ని ముందే నిలబెడుతున్నారు కాబట్టి సీజన్ ఆటలో 26 మళ్ళీ చూడం. బ్రూక్లిన్ కష్టం అక్కడితో తీరలేదు. మర్నాడు ఫిలడెల్ఫియా చేతిలో 13 ఇన్నింగ్స్ ఆడి ఓడింది, ఆ మర్నాడు మళ్ళీ బోస్టన్ చేతిలో 19 ఆడి ఓడింది. మూడు రోజులు, 58 ఇన్నింగ్స్, ఒక్క గెలుపూ లేదు. ఆ ఏడాది నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లో ఒక సగం) గెలిచింది మాత్రం ఆ బ్రూక్లినే.